నా దస్తూరీలో మా కాలువ రాజ్యాంగం

నా దస్తూరీ బాగుంటుంది. ఇది గొప్పకు చెబుతున్న మాట కాదు, నేరం ఒప్పుకుంటూ చెబుతున్న మాట. ఎనభైల్లో, వినుకొండకు కాస్త దూరంలో ఉన్న మా ఊళ్ళో శుభలేఖల మీద పేర్లు రాయాలన్నా, కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టాలన్నా, సమాధి రాయి మీద వాక్యం చెక్కించాలన్నా ముందు నా దగ్గరికే వచ్చేవారు. నేను అప్పర్ ప్రైమరీ బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే మాస్టర్ని. ఏడో తరగతి పిల్లలకు పౌరశాస్త్రంలో రాజ్యాంగం పాఠం చెప్పేవాణ్ణి. అధికారం ఒక్కరి చేతిలో పోగుపడకూడదని నల్లబల్ల మీద రాసి, కింద గీత గీసి, రెండుసార్లు చదివించేవాణ్ణి. సాయంత్రం వెళ్ళి సరిగ్గా దానికి వ్యతిరేకమైన పని అదే దస్తూరీతో చేసి వచ్చేవాణ్ణి.

అమ్మకు ఎకరం నేల ఉండేది. ప్రభుత్వం పట్టా ఇచ్చిన నల్లరేగడి. సాగర్ కాలువ నుంచి మా ఊరి వైపు చీలిన పిల్లకాలువకు చిట్టచివర ఉండేది ఆ చేను. మా పేట వాళ్ళందరి చేలూ అక్కడే. మేమంతా చర్చికి వెళ్ళేవాళ్ళం, తాతల కాలం నుంచీ ఊళ్ళో వాళ్ళ పొలాల్లో కూలికి పోయినవాళ్ళం. కాలువ మొదట్లో ఉన్న భూములు ఊరి పెద్ద రైతులవి. ముప్పై ఏళ్ళు పరాయి తోటల్లో మిరపకాయలు కోసిన అమ్మ ఇప్పుడు సొంత ఎకరంలో మిరప వేసుకుంది. కాయ దిగే రోజుల్లో ఆ తోటకు రెండు తడులు పడాలి. పడకపోతే పూత రాలుతుంది, ఉన్న కాయ తెల్లబడి తాలుపోతుంది. మా ఇంటికి కావలసిందల్లా ఆ రెండు తడులే.

పాత రోజుల్లో కాలువ పెత్తనం ఒక్క కుటుంబానిది. వాళ్ళ పొలాలు తడిసి, గట్లు తడిసి, బండ్లబాట తడిసి చక్రాలు దిగబడ్డాక ఏమైనా మిగిలితే అది మా వైపు వచ్చేది. అడగబోతే ఆ ఇంటి పెద్దాయన మంచం మీద నుంచి లేవకుండానే, రేపు చూద్దాం పోండి అనేవాడు. ఆ రేపు నేను ఎన్నడూ చూడలేదు. ఇంతలో రాష్ట్రంలో కరణం, మునసబు పదవులు పోయాయి. ఊళ్ళో అందరికీ కొత్తగా నడుములు నిటారుగా అయ్యాయి. సరిగ్గా ఆ గాలిలోనే మా అధ్యక్షుడు లేచాడు.

ఆయన కాలువ మొదట్లో పత్తి వేసే రైతు. నలభై ఐదేళ్ళుంటాయి. ఎవరు కనిపించినా భుజం మీద చెయ్యి వేసేవాడు. మా పేటలో ఎవరి కోడలికి ఎన్నో నెలో, ఏ ముసలాయనకు ఏ కాలు నొప్పో ఆయనకు తెలుసు. పాత పెద్దల అరుగు ముందు నిలబడి, ఈ నీళ్ళు మీ తాత తవ్విన బావిలోవి కావని గట్టిగా అన్న మొదటి మనిషి ఆయనే. పత్తి షెడ్డులో మీటింగు పెట్టి మా పేట వాళ్ళకు కుర్చీలు వేయించాడు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని మాస్టారు గారూ అన్నాడు. ఊళ్ళో వాళ్ళ నోట ఆ ‘గారు’ వినడం నాకదే మొదలు. ఆ రెండక్షరాలకు నేనెంత చవగ్గా అమ్ముడుపోయానో తర్వాత గాని తెలియలేదు. అమ్మయితే తలుపు దగ్గర నిలబడి, కుర్చీలో ఉన్న నన్ను చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఆయన మాట ఆమెకు వేదవాక్కు. నాకూ అంతే.

నీటి సంఘం పెట్టారు. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఇకమీదట నోటిమాట చెల్లదు, అంతా రాతలో ఉండాలి అన్నాడాయన. జనం చప్పట్లు కొట్టారు. నేను గుంటూరు వెళ్ళి బ్రాడీపేటలో ఎర్ర అట్ట వేసిన పొడవాటి పుస్తకం కొనుక్కొచ్చాను. నాకు చదువు చెప్పిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పక్కన కూర్చుని నియమాలు చెబుతుంటే నేను రాశాను. నీళ్ళ వంతు ఎప్పుడూ కాలువ చివర మొదలై పైకి రావాలి. అధ్యక్షుణ్ణి ఏడాదికోసారి కుండలో చీటీలు వేసి ఎన్నుకోవాలి. ఆయన నిర్ణయం అన్యాయమనిపిస్తే ముగ్గురు పెద్దలు కూర్చుని దాన్ని కొట్టేయవచ్చు. ఏ నియమం మార్చాలన్నా మొత్తం సభ్యుల్లో ముప్పాతిక మంది ఒప్పుకోవాలి. పెద్దల్లో ఒకరు హెడ్మాస్టరు గారు, ఒకరు మా చర్చి పాస్టరు గారు, మూడో ఆయన చెవుడున్న ఒక ముసలి రైతు. ఆయన్ని ఎవరూ చెప్పుడు మాటలతో చెడగొట్టలేరని హెడ్మాస్టరు గారి నమ్మకం. దానికి మా కాలువ రాజ్యాంగం అని పేరు పెట్టింది మాత్రం నేనే.

మొదటి ఏడు ఆ పుస్తకం నిజంగా పనిచేసింది. అది చెప్పకపోతే నాకు పాపం. కాలువ తూములు తీసి మూసే లస్కరు పైతూములన్నీ మూసి, పుస్తకంలో రాసిన ప్రకారం నీళ్ళు ముందు మా చివరికి వదిలాడు. అమ్మ చెప్పులు విడిచి గట్టు మీద నిలబడి, సాళ్ళలో నీళ్ళు పారుతుంటే చివరిదాకా చూసింది. ఆ ఏడు కాయ ఎర్రగా, బరువుగా దిగింది. మిరపకాయలు కోసిన చేతులు మండుతాయి. కోతల రోజుల్లో అమ్మ రోజూ సాయంత్రం మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేది. ఒకరోజు కళ్ళంలో ఆరబోసిన కాయను చూపిస్తూ, సంతోషం పట్టలేక నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పొద్దుగూకేదాకా నా చెయ్యి భగభగ మండింది. కడుక్కున్నా పోలేదు. ఆ మంట నాకు బాగుంది.

రెండో ఏడు సవరణలు మొదలయ్యాయి. అధ్యక్షుడు తెలివైనవాడు. నీళ్ళ వంతు జోలికి పోలేదు. నియమాలు ఎలా మార్చాలో చెప్పే నియమం దగ్గరికి వెళ్ళాడు. ప్రతిసారీ ముప్పాతిక మందిని ఎక్కణ్ణుంచి తెచ్చేది, కూలికి పోయినవాళ్ళను చేలల్లోంచి లాక్కొస్తామా, మీటింగుకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకుంటే చాలదా అని అడిగాడు. ఆ రోజు మాత్రం ముప్పాతిక మందీ కావాలి గనక షెడ్డు బయట బజ్జీల బాణలి పెట్టించాడు. సంఘంలో లేనివాళ్ళు కూడా వచ్చారు.

హెడ్మాస్టరు గారు ఒక్కరే లేచారు. “తక్కినవన్నీ తలుపులయ్యా, ఇది గడియ. ఇది తీసేస్తే తక్కినవాటిని ఊరికే తోస్తే చాలు” అన్నారు.

నోట్లో బజ్జీ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పెద్దాయనకు చాదస్తం ముదిరిందన్నారు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తీర్మానం ఏకగ్రీవం అని రాశాను. కాదన్నది ఆయన ఒక్కరే గనక, ఒక్కరిని ఏం లెక్కలే అనుకున్నాను.

ఆ తర్వాత నిజంగానే తోస్తే చాలింది. చీటీలు దాచిపెట్టి వెయ్యడానికి మనమేమైనా దొంగలమా అన్నాడు అధ్యక్షుడు. కుండ పోయి, చేతులెత్తడం వచ్చింది. చేతులెత్తేటప్పుడు ఆయన ఒక్కొక్కరి ముఖమే చూసి నవ్వేవాడు. ఎత్తనివాణ్ణి చూసి ఇంకా ఎక్కువ నవ్వేవాడు. దాంతో రెండు మీటింగులు తిరిగేసరికి అందరికీ చేతులు వాటంతటవే లేవడం అలవాటైంది. తర్వాత, ముగ్గురు పెద్దలుంటేనే ఇంత న్యాయం జరుగుతోందే, ఏడుగురుంటే ఇంకెంత జరుగుతుందో అన్నాడు. కొత్తగా వచ్చిన నలుగురిలో ముగ్గురు ఆయన బంధువులు, నాలుగోవాడు ఆయన ట్రాక్టరు డ్రైవరు. ఆ తర్వాత, కాలువ బాగుచేత జరుగుతుంటే మధ్యలో ఎన్నికలేమిటని, ఆ పని పూర్తయ్యేదాకా అధ్యక్షుడు మారనక్కర్లేదని తీర్మానించాం. నాకు తెలిసి ఆ బాగుచేత ఇంకా పూర్తికాలేదు.

ప్రతిసారీ నేను పాత నియమం మీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో కొట్టేసి, కొత్తది నల్లసిరాతో రాసేవాణ్ణి. ఒక్క తప్పు దొర్లేది కాదు. అధ్యక్షుడు ఊళ్ళోకి వచ్చిన ప్రతి ఆఫీసరుకూ ఆ పుస్తకం చూపించేవాడు. మా ఊళ్ళో అంతా పుస్తకం ప్రకారమే అనేవాడు. ఆఫీసర్లు నా అక్షరాలు చూసి ముక్కున వేలేసుకునేవారు. నేను గంగిరెద్దులా తల ఊపేవాణ్ణి. పాత కుటుంబం పుస్తకం లేకుండా పెత్తనం చేసింది గనక వాళ్ళ మీద కేకలు వేయడానికి మాకు నోరుండేది. ఈయన చేసినదంతా మేము ఒప్పుకున్నదే. తిట్టాలంటే మమ్మల్ని మేమే తిట్టుకోవాలి. ఆ తర్వాత ఎక్కడెక్కడి దేశాల్లోనో జనం మెచ్చిన నాయకులు రాజ్యాంగాలు సవరించుకుని కుర్చీకి అతుక్కుపోయారని పేపర్లో చదివినప్పుడల్లా, అక్కడ రాసిపెట్టిన గుమాస్తా ఎవరై ఉంటాడా అనుకుంటాను. వాడి దస్తూరీ కూడా బాగానే ఉండి ఉంటుంది.

ఇక వంతు సంగతి. మా చర్చిలో ఒక అలవాటుంది. ఎవరికి ఏ కష్టమున్నా చీటీ మీద రాసి పాస్టరు గారికి ఇస్తారు. ఆయన ఒక్కొక్క చీటీ చదివి ప్రార్థిస్తారు. ప్రతి మనవి చివరా మేమంతా కళ్ళు మూసుకునే ఆమేన్ అంటాం. ఎవరి గేదె తప్పిపోయినా ఆమేన్, ఎవరి అల్లుడు తాగుడు మానాలన్నా ఆమేన్. చదివింది చెవిన పడకపోయినా గొంతు దానంతటదే పలుకుతుంది. అధ్యక్షుడికి మా అల్లుళ్ళ సంగతులు తెలిసినట్టే ఈ అలవాటూ తెలుసు.

ఆయన ప్రతి మీటింగుకు ముందు కొబ్బరికాయ కొట్టించి, ఆ వెంటనే పాస్టరు గారిని ప్రార్థన చెయ్యమనేవాడు. మా దేవుణ్ణి కూడా పిలిచాడని మా పేట పొంగిపోయేది. మూడో ఏడు, మిరప నారు పోసే ముందు పెట్టిన మీటింగులో ఆయన పాస్టరు గారి చేతిలో మూడు చీటీలు పెట్టాడు. మొదటిది వానల కోసం. ఆమేన్ అన్నాం. రెండోది పత్తికి తెల్లదోమ పట్టకూడదని. ఆమేన్ అన్నాం. మూడోది కూడా పాస్టరు గారు అదే రాగంలో చదివారు. నీళ్ళు ఏ చేనుకు ముందు కావాలో అధ్యక్షుల వారికి బయలుపరచుము తండ్రీ, ఆయన నిర్ణయమే మా అందరి నిర్ణయమగును గాక అన్నారు. ఆమేన్ అన్నాం. అందరికంటే గట్టిగా అన్నది మా అమ్మ.

అధ్యక్షుడు కళ్ళు తెరిచాడు. “విన్నారుగా. చివరి రైతులంతా ఒక్క గొంతుతో ఒప్పుకున్నారు. చివరి నుంచి వంతు అన్న మాట కొట్టేసి, అధ్యక్షుడి నిర్ణయం ప్రకారం అని రాసుకోండి మాస్టారూ” అన్నాడు.

హెడ్మాస్టరు గారు మా మతం వారు కారు గనక కళ్ళు మూసుకోలేదు. లేచి, ప్రార్థన వేరు, ఓటు వేరు అన్నారు. దేవుడి దగ్గర ఒప్పుకున్న మాటను మనుషుల దగ్గర కాదంటారా అని అధ్యక్షుడు నొచ్చుకున్నట్టు అడిగాడు. పాస్టరు గారు నిజంగానే నొచ్చుకున్నారు. మా పేట వాళ్ళు హెడ్మాస్టరు గారి వైపు కోపంగా చూశారు. నేను స్కేలు తీశాను. అది మా చేను సంగతి అని నాకు తెలియక కాదు. మాకు ఈయన అన్యాయం చేస్తాడా అనుకున్నాను. అంతకు మించి, పక్క కుర్చీలో కూర్చుని కాదనడం నాకు మర్యాదగా తోచలేదు.

ఆ ఏడు కాలువ మొదట్లో పత్తి వెయ్యాల్సిన చేలల్లో వరి నాటారు. వరికి నీళ్ళు నిలబడాలి గనక నీళ్ళు అక్కడే నిలబడ్డాయి. మా మిరప పూత మీదా కాయ మీదా ఉంది. అమ్మ రోజూ తెల్లవారగానే కాలువ గట్టు వెంట పైదాకా నడిచి, లస్కరును అడిగి, తిరిగి వచ్చేది. లస్కరు పాపం మంచివాడే. అధ్యక్షుల వారు చెప్పలేదమ్మా, పుస్తకంలో అలాగే ఉందట అనేవాడు. పదిహేను రోజులకు పూత రాలింది. ఉన్న కాయ తెల్లబడింది. నేల నెర్రెలిచ్చి అమ్మ కాలు ఇరుక్కునేంత బీటలు పడ్డాయి.

అప్పుడు గాని నాకు ధైర్యం రాలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఒక్క తడి ఇప్పించండి, అమ్మ చేను పోతోంది అన్నాను. మొదట రాసుకున్న నియమం ప్రకారం మా వంతే ముందు కదండీ అని కూడా అన్నాను. ఆయన పుస్తకం తీసుకుని, ఆ పేజీ తెరిచి, నా వైపు తిప్పాడు.

“ఇవి ఎవరి అక్షరాలు మాస్టారూ?”

“నావేనండి.”

“ముత్యాల్లా ఉన్నాయి” అన్నాడు. అని, పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టి, అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. నేను కాసేపు నీళ్ళు నమిలి, బాగానే ఉందండి అని చెప్పి వచ్చేశాను. ఆ ఏడు మా ఇంటికి దక్కిన నీళ్ళు అవే.

నేను చేను దగ్గరికి వచ్చేసరికి అమ్మ మిరప చెట్లు పీకుతోంది. పొయ్యిలోకి పనికొస్తాయని కట్టలు కడుతోంది. నేను గట్టు మీద కూర్చున్నాను. ఆమెకు చదువు రాదు. ఆ పుస్తకంలో ఏముందో మొదటి నుంచీ చదవమంది. చదివాను. కొట్టేసినవీ చదివాను, రాసినవీ చదివాను. ఆమె చెట్లు పీకుతూనే వింది. వంతు మార్చిన పేజీ వచ్చేసరికి చెయ్యి ఆపింది.

“దీనికి నేనెప్పుడు ఒప్పుకున్నానురా?”

“ప్రార్థనలో ఆమేన్ అన్నావమ్మా.”

ఆమె చేతిలో ఉన్న చెట్టు వేళ్ళకు మట్టి దులిపి కట్టలో పెట్టింది. తర్వాత, “నేను కళ్ళు మూసుకుని అన్నాను. నువ్వు కళ్ళు తెరుచుకుని రాశావు గదరా” అంది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గుతో తల ఎత్త బుద్ధి కాలేదు.

ఆ వారంలోనే అధ్యక్షుడు మళ్ళీ మీటింగు పెట్టాడు. ఈసారి సవరణ చిన్నదేనన్నాడు. ఈ ఏడు కాలువ నీళ్ళు వాడుకున్నవాళ్ళే సంఘంలో సభ్యులు. నీళ్ళు వాడనివాళ్ళకు నీటి సంఘంలో పనేముంది, పని మానుకుని మీటింగులకు రావడం వాళ్ళకీ శ్రమే కదా అని మా మీద జాలిపడ్డాడు. నీళ్ళివ్వకుండా ఆపిందీ ఆయనే, నీళ్ళందలేదు గనక మీకు ఓటు లేదంటున్నదీ ఆయనే. ఇంత చక్కటి లెక్క నా పౌరశాస్త్రం పుస్తకంలో ఎక్కడా లేదు. ఇది ఒప్పుకుంటే వచ్చే ఏడు నీళ్ళు అడిగే హక్కు కూడా మా పేటకు ఉండదు.

కొబ్బరికాయ కొట్టారు. పాస్టరు గారికి చీటీ ఇచ్చారు. ఆయన కూడా ఈసారి చీటీని ముందే ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి చదివారు. చదవడం అయింది. షెడ్డులో చప్పుడు లేదు. ఆమేన్ అన్నవాళ్ళు లేరు. పాస్టరు గారు దగ్గి, ఆఖరి వాక్యం మళ్ళీ చదివారు. అయినా ఎవరూ నోరు తెరవలేదు. మీటింగుకు ముందు నాలుగు రోజులూ అమ్మ పేటలో ఇల్లిల్లూ తిరిగిందని నాకు తర్వాత తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక మా వాళ్ళు ఆమేన్ మింగేయడం నేను చూసింది అదొక్కసారే. కొందరు ముసలివాళ్ళు అలవాటు ఆపుకోలేక కొంగులూ కండువాలూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అధ్యక్షుడు ఏమాత్రం కంగారు పడలేదు. “ఎవరూ కాదనలేదు కదా. ఏకగ్రీవం అని రాసుకోండి మాస్టారూ” అన్నాడు.

ఏకగ్రీవం అన్న మాట నేను అప్పటికి ఎన్నిసార్లు రాశానో. ఆ రోజు కలం కదల్లేదు. ఎదురుగా బల్ల మీద కూర్చున్న అమ్మ నా చేతినే చూస్తోంది. చివరి రైతులెవరూ దీనికి ఒప్పుకోలేదు అని రాశాను. నా జన్మలో అంత వంకరగా ఎప్పుడూ రాయలేదు. అక్షరాలు గీత మీద నిలవలేదు.

ఆయన వంగి చదివాడు. నవ్వాడు. మాస్టారికి బడి పని ఎక్కువై అలసిపోతున్నారు, కార్యదర్శి పని వేరేవాళ్ళకు ఇద్దాం, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. నీళ్ళందిన రైతులందరూ ఎత్తారు. ఎలాగూ అవి చాలు. ఆయన ఒక్కొక్క ముఖం చూసి నవ్వుతూ లెక్కపెడుతూ, నా దగ్గరికి వచ్చేసరికి ఆగి ఇంకాస్త నవ్వాడు. అప్పుడు చూసుకున్నాను. నన్ను తీసెయ్యడానికి నా చెయ్యి కూడా లేచి ఉంది.

అమ్మ బల్ల మీద నుంచి లేచి, అందరి మధ్య నుంచీ నడిచి వచ్చింది. నా మణికట్టు పట్టుకుని చెయ్యి కిందికి దించింది. “చాల్లే నాయనా, ఎత్తింది” అంది. గట్టిగానే పట్టుకుంది. అది కోతల కాలం. ఆ పట్టుకు నా చెయ్యి మండాలి. మండుతుందేమోనని ఇంటికి నడిచినంతసేపూ చూశాను. మండలేదు.